రెండు కిలోలకు మించని లాప్‌టాప్

మా ఇంట్లో మిరపకాయల బస్తాలు తూచే కాటా ఒకటుంది. లాప్‌టాప్ కొనాలనుకున్నప్పుడు నేను ముందుగా చేసిన పని ఆ కాటా మీద నా కూతుర్ని కూర్చోబెట్టడం. పాపకు అప్పుడు పదో నెల. తొమ్మిదిన్నర కిలోలు తూగింది. తర్వాత దాని సంచి పెట్టాను. పాలసీసా, మార్చడానికి రెండు జతల బట్టలు, బిస్కెట్లు, నీళ్లు, నా టిఫిన్ డబ్బా, గొడుగు, అన్నీ కలిపి మూడు కిలోలకు కొంచెం తక్కువ. ఇవి రెండూ ఎలాగూ తప్పవు. వీటి మీద ఇంకెంత మోయగలనో తేలాలి.

దాన్ని తేల్చడానికి వంటింట్లోంచి కిలో కందిపప్పు పొట్లాలు తెచ్చుకున్నాను. ఒకటి సంచిలో వేసుకుని, పాపను చంకనెత్తుకుని బస్‌స్టాపు దాకా నడిచి వచ్చాను. రెండోది వేసుకుని మళ్లీ నడిచాను. మూడోది వేసుకునేసరికి సంచి పట్టీ భుజం మీద నుంచి జారడం మొదలెట్టింది, దాన్ని సర్దుకోబోతే పాప జారింది. అక్కడితో వెనక్కి తిరిగాను. అరుగు మీద కూర్చుని చూస్తున్న మా అత్తయ్య, పప్పును షికారుకు తీసుకెళ్తున్నావా అని అడిగింది. నేను నవ్వలేదు. నాకు జవాబు దొరికింది. రెండు కిలోలు. నేను కొనే లాప్‌టాప్ దానికి మించి ఒక్క మెతుకు కూడా బరువుండకూడదు.

ఇది జరిగి రెండేళ్లే అయింది. పాప నిద్రపోయాక, అదే లాప్‌టాప్ మీద రాస్తున్నాను.

నేను పొదిలి వైపు పిల్లను. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. పెళ్లయి గుంటూరుకి పదిహేను కిలోమీటర్ల అవతల, మిరప, పత్తి తప్ప ఇంకో మాట వినపడని ఊరికి వచ్చాను. పాప పుట్టేదాకా మంగళగిరిలో బిల్డింగు ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. రోజూ రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. పాప పుట్టాక ఆరు నెలలన్న సెలవు పది నెలలైంది. ఒకరోజు ఆఫీసు సారు ఫోన్ చేశారు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వస్తే చాలని, మిగతా రోజులు ఇంట్లో గీసి పంపవచ్చని, కానీ రెండుచోట్లా పనికి మిషన్ నాదే ఉండాలని చెప్పారు. వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టాలి. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి వారానికి ఆరు రోజులూ వస్తానంటోందని, సోమవారం నేను రాకపోతే ఆ అమ్మాయిని పెట్టుకుంటానని కూడా చెప్పారు. ఆయన బెదిరించలేదు, ఉన్నది చెప్పారంతే.

ఆ మూడు రోజులూ పాపను మంగళగిరిలోనే మా పిన్ని చూస్తానంది. ఆవిడ ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతల. అంటే పాపా, సంచీ, లాప్‌టాప్, మూడూ నాతోపాటు రెండు బస్సులెక్కాలి, రెండు బస్సులు దిగాలి.

బరువు సంగతి అది. రెండోది బలం. మా ఆఫీసులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు డ్రాయింగు ఒకటుండేది. దాన్ని తెరిస్తే అక్కడి పెద్ద కంప్యూటర్లే కాసేపు ఉలకవు, పలకవు. నా మిషన్ దాన్ని తెరవగలగాలి. పైగా నేను దూరవిద్యలో పీజీ డిప్లొమా కట్టాను. పాఠాలు సీడీల్లో వచ్చేవి, లెక్కలు కంప్యూటర్ మీదే చేసి పంపాలి. తేలికగా ఉండాలి, గట్టిగా పనిచేయాలి. ఈ రెండు మాటలూ కలిపి చెప్తే అందరూ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశారు.

ఇంట్లో కూర్చుని చేసే పనికి లాప్‌టాప్ ఎందుకని మా ఆయన అన్నారు. ఆయనకు పురుగుమందుల షాపుంది. అంతకుముందు ఏడు ఆ షాపులోని కంప్యూటర్ని ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టారు. అదే గదిలో సీజన్లో మిరపకాయలు రాశి పోసి, కూలి ఆడవాళ్లు తాలు కాయలు ఏరతారు. రంగు పోయి తెల్లబడిన, బరువు లేని కాయల్ని తాలు అంటాం. వాటిని వేరు చేస్తేగాని మంచి కాయకు ధర రాదు. కంప్యూటర్ లోపలి ఫ్యాను ఆ గదిలోని ఘాటునంతా పీల్చి బయటికి కొట్టేది. స్విచ్ వేసిన రెండు నిమిషాలకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. బాగుచేయడానికి వచ్చినతను మూత తీసి ఎర్రటి దుమ్ము చూసి, తుమ్మీ తుమ్మీ కళ్లు తుడుచుకుని, దీనికి మెకానిక్ కాదండీ, డాక్టర్ కావాలన్నాడు. ఆ సీజన్ దాటకుండానే అది పోయింది. ఆ మాట గుర్తుచేశాను. ఇక కరెంటు కోతల సంగతి గుర్తుచేయనక్కర్లేదు. మధ్యాహ్నం పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బ్యాటరీ ఉన్నది కావాలి, డాబా మీది గదికి పట్టుకెళ్లగలిగేది కావాలి.

నాకు భయాలెక్కువ. పాప రెండుసార్లు దగ్గితే థర్మామీటర్ వెతుకుతాను. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు డ్రైవర్ కదిలించేస్తాడేమోనని ప్రతిసారీ ముందే కేకేస్తాను. మా ఇంట్లో దీన్ని పిరికితనం అంటారు. అయితే ఈ భయమే నన్ను గుంటూరు ఇంటర్నెట్ సెంటర్లో మూడుసార్లు కూర్చోబెట్టింది. ఏ మిషన్ బరువెంత, లోపల ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, అన్నీ పాత ఇంజనీరింగ్ నోట్సు వెనక పేజీల్లో రాసుకున్నాను. తెలిసిన వాళ్లనల్లా అడిగాను. షాపుకెళ్లే రోజుకి నాకేం కావాలో నాకు స్పష్టంగా తెలుసు. డబ్బు కూడా నాదే. పాప పుట్టకముందు చేసిన ఉద్యోగంలో దాచుకున్నది. ఎవరి ముందూ చేయి చాచలేదు.

మా మామయ్యగారు తోడు వస్తానన్నారు. నేను వద్దనలేదు. మా ఇంట్లో గుంటూరులో ఏది కొన్నా ఆయన లేకుండా కొనరు. బోరు మోటారు, టీవీ, మంచం, చివరికి మా పెళ్లి బట్టలు కూడా ఆయనే బేరం చేశారు. మిర్చి యార్డులో ఆయనకు పేరుంది. గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని ఒకసారి ఎగరేస్తే తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పేస్తారు. ఆయన చెప్పింది తప్పుకావడం నేను చూడలేదు.

గుంటూరులో కంప్యూటర్ల షాపతను ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. వాళ్ల నాన్నకు యార్డులో కమిషన్ కొట్టు ఉండేదట. బాబాయ్ అంటూ కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేనేం అడుగుతున్నానో విని గాజు బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు పెట్టాడు. ఒకటి పలక కంటే కొంచెం పెద్దది, కిలో కూడా లేదు. ఒకటి మధ్యరకం, నోటుపుస్తకం కంటే కాస్త పెద్ద తెర, కిలో ఎనిమిది వందల గ్రాములు. మూడోది పెద్దది, మూడు కిలోలకు దగ్గర. వెడల్పాటి తెర, అంకెలకు పక్కన వేరే బటన్లు, నిగనిగలాడే మూత.

మామయ్యగారు ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించారు. చిన్నదాన్ని వెంటనే బల్ల మీద పెట్టేశారు.

"ఇది తాలు కాయరా అబ్బాయ్. పక్కన పెట్టు."

మధ్యదాన్ని పట్టుకుని కాసేపు ఆలోచించి, పర్వాలేదన్నట్టు తల ఊపారు. పెద్దదాన్ని రెండు చేతులా ఎత్తగానే ఆయన ముఖం వెలిగింది. సరుకంటే ఇదీ అన్నారు. నేను బరువు గురించి చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే పాప ఏడుపు అందుకుంది. ఎండన పడి వచ్చింది, దాహం. నేను షాపు మెట్ల మీదికి వెళ్లి నీళ్లు పట్టించి, భుజాన వేసుకుని జోకొట్టి లోపలికి వచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

వచ్చేసరికి మామయ్యగారి చేయీ షాపతని చేయీ కలిసి ఉన్నాయి. పైన మామయ్యగారి తువాలు కప్పి ఉంది.

యార్డులో పాతకాలం వాళ్లు ఇప్పటికీ అలా బేరం చేస్తారు. చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి ధర నోటితో చెప్పరు. తువాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు పడితే ఎంత, ఎన్నిసార్లు నొక్కితే ఎంత అన్నది వాళ్లకే తెలుసు. ఒప్పుకున్నాక తువాలు తీస్తారు. అంతే, బేరం అయిపోయినట్టు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. అలా కలిపిన చేతిని వెనక్కి తీసుకున్నవాడి సరుకు తర్వాత ఎవరూ ముట్టుకోరు. షాపతను సరదాకే మొదలెట్టి ఉంటాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న చేస్తుంటే చూశాడు కదా. మామయ్యగారికి మాత్రం అది సరదా కాదు. తువాలు దులిపి భుజాన వేసుకుని, జేబులోంచి కొంత తీసి బయానా కింద ఇచ్చేశారు. రేపు సాయంత్రం సాఫ్ట్‌వేర్లన్నీ వేసి సిద్ధంగా ఉంచుతానన్నాడు షాపతను.

ఏది కొన్నారని అడిగాను. మంచిదే కొన్నాలే అమ్మాయ్, పద, బస్సు పోతుందన్నారు.

నేను నడిచాను. ఇప్పటికీ నా మీద నాకే కోపం వచ్చేది అక్కడే. నా డబ్బు నా చేతిసంచిలో అలాగే ఉంది. నా నోట్సు అందులోనే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఆ ఐదంతస్తుల డ్రాయింగు ఉంది, షాపులో తెరిచి చూద్దామని ఆఫీసు నుంచి తెప్పించుకున్నాను. ఒక్కటీ బయటికి తీయలేదు. నేను కొనబోయే వస్తువు ఏదో, ధర ఎంతో నాకు తెలియకుండానే తేలిపోయింది, నేను మాత్రం పాపను భుజాన వేసుకుని బస్సు కోసం నడిచాను. బస్సులో ఆయన సంతోషంగా చెప్పారు. పెద్దదే. దానికో సంచి, ఒక మౌసు ఊరికే ఇస్తున్నాడట. ఇంత ధర తగ్గించుకోవడం ఇంకెవరి వల్లా కాదన్నారు. అది నిజమే అయి ఉంటుంది.

మా ఆయన షాపు మూసి వచ్చాక చెప్పాను. పెద్ద తెర కదా, ప్లాన్లు గీయడానికి బాగుంటుందన్నారు. మూడు కిలోలు మోయలేనని చెప్పాను.

"నాన్న చెయ్యి కలిపాక ఇంకెలా కుదురుద్ది చెప్పు. వారం మోస్తే అలవాటైపోద్దిలే."

"మోసేది మీ నాన్న కాదు కదండీ."

ఆయన నవ్వారు. నేను హాస్యమాడాననుకున్నారు. పొద్దున పాపను ఎత్తుకుని, మూడు కందిపప్పు పొట్లాలు సంచిలో వేసుకుని బస్‌స్టాపు దాకా నడిచి రమ్మన్నాను. అప్పటికి నవ్వడం మానేశారు, కానీ నాన్నతో చెప్తానని మాత్రం అనలేదు. కొడుకు తండ్రి మాటను కాదనడం ఆ ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. అందుకు ఆయన్ని తప్పుపట్టను. కాదనాల్సింది ఆయన కాదు.

మర్నాడు శనివారం. మామయ్యగారు పొద్దున్నే యార్డుకు సరుకు తోలుకుని వెళ్లారు. నేను పాపను తయారుచేసి, గుంటూరు వెళ్తున్నానని అత్తయ్యతో చెప్పాను. ఆయన వచ్చాక చెప్పి వెళ్లమంది. మీరే చెప్పండి అత్తయ్యా అన్నాను. ఆవిడ నా ముఖం చూసి ఏమనుకుందో, పాప నుదుటికి బొట్టు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. బస్‌స్టాపు దాకా నడిచాను. బస్సు వస్తే బాగుండునని ఒకసారి, రాకపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. వచ్చింది.

షాపతను సాయంత్రం రమ్మన్నాను కదమ్మా అన్నాడు. మూడింటినీ మళ్లీ బల్ల మీద పెట్టమన్నాను. బేరం అయిపోయింది కదమ్మా అన్నాడు. నేను కూర్చున్నాను. యార్డులో మీ నాన్నగారు బస్తా పైన కనిపించే కాయ చూసి ధర కట్టేవారా అని అడిగాను. లేదమ్మా, పైన ఎప్పుడూ మేలు కాయే పోస్తారు, చెయ్యి మధ్యలోకి దూర్చి తీసి చూడాల్సిందేనన్నాడు. మరి నన్నూ చెయ్యి దూర్చనివ్వండి అని పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఇక కాదనలేకపోయాడు. నా పెన్‌డ్రైవ్‌లో డ్రాయింగుతోపాటు దాన్ని తెరిచి చూసే చిన్న సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. మూడింట్లోనూ వేయించాను.

చిన్నది డ్రాయింగు తెరిచేలోపు పాప ఒక బిస్కెట్ మొత్తం చప్పరించి ఇంకోటి అడిగింది. మూడో అంతస్తుకు తిప్పేసరికి తెర బిగుసుకుపోయింది. ఆ ఒక్కదాని విషయంలో మామయ్యగారు అన్న మాట నిజమే.

పెద్దది తెరిచింది. కానీ దగ్గరికి జరిపితే గీతలు ఒక్కసారి రావు, ఒక్కో గీతా వెతుక్కుంటున్నట్టు వచ్చాయి. లోపల ఏముందో సెట్టింగుల్లో చూశాను. ప్రాసెసర్ పాత రకం. మెమరీ నేను రాసుకున్నదాంట్లో సగం. ఆ బరువంతా వెడల్పాటి తెరది, స్పీకర్లది, పక్కనున్న అంకెల బటన్లది. నాకు కావాల్సిన చోట బరువు లేదు. నా నోట్సు తెరిచి షాపతనికి చూపించాను. అతను బల్ల మీది గుడ్డతో ఆ నిగనిగలాడే మూతను తుడిచాడు. ఇది పోయిన ఏటి సరుకేనమ్మా అన్నాడు మెల్లగా.

మధ్యరకం దాంట్లో తెరిచాను. ఐదంతస్తులూ వచ్చేశాయి. మెట్లు, లిఫ్టు గుంత, పునాది కడ్డీలు, ఎక్కడికి తిప్పితే అక్కడికి తిరిగింది. అప్పుడు దాని కరెంటు వైరు పీకేసి, అలాగే నడవనివ్వమన్నాను. పాపను ఒళ్లో పెట్టుకుని గంటన్నరపైగా ఆ స్టూలు మీద కూర్చున్నాను. వచ్చిపోయే వాళ్లందరూ నన్ను చూశారు. ఎవరో షాపతని చుట్టమనుకుని ఏది బాగుంటుందమ్మా అని అడిగారు కూడా. బ్యాటరీ సగం కూడా దిగలేదు.

దానికి లోపాలు లేవని కాదు. సీడీలు పెట్టుకునే చోటే లేదు. పాఠాల సీడీలన్నీ ఆఫీసులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. తెర చిన్నది, గోడల మందం చూడాలంటే ముక్కు ఆనించాలి. బాణం గుర్తు బటన్లు నా చిటికెన వేలి గోరంత ఉన్నాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి ఒప్పుకున్నాను. నేను కొన్న వస్తువులో తప్పులుంటే అవి నేను ఎంచుకున్న తప్పులు కావాలి.

ఇది ఇవ్వండి అన్నాను. షాపతని ముఖంలో నవ్వు పోయింది. పెద్దాయన చెయ్యి కలిపాడమ్మా, రేపు యార్డులో మా నాన్న పేరు తీస్తారు, ఆయన ఒక మాట చెప్తే తప్ప ఇవ్వలేనన్నాడు. సెల్ తీసి మామయ్యగారికి కలిపాడు. రెండు ముక్కలు చెప్పి, నా చేతికిచ్చాడు. అవతల హమాలీల కేకలు, లారీ హారను.

"ఏందమ్మాయ్, నువ్వక్కడికెందుకెళ్లావు?"

తెరిచి చూశానని, పెద్దదాని లోపల సరుకు పాతదని, నాకు మధ్యది కావాలని చెప్పాను.

"చెయ్యి కలిపాక వెనక్కి తీసుకోవడం మన ఇంటా వంటా లేదు. ఇక్కడ నాకున్నది ఆ మాటొక్కటే."

"మీరు చెయ్యి కలిపారు మామయ్యా. ఆ తువాలు కింద నా చెయ్యి లేదు. మోసేది నేను, పనిచేసేది నేను."

హమాలీల కేకలు అలాగే వినపడుతున్నాయి. ఆయన ఫోన్ పెట్టేశారు.

షాపతను నా వైపు చూశాడు. ఒప్పుకున్నారా అని కళ్లతోనే అడిగాడు. ఒప్పుకోలేదని నిజమే చెప్పాను. మీరివ్వకపోతే ఈ వీధి చివర ఇంకో షాపుందని, సోమవారం పొద్దునకల్లా ఇది నా భుజాన ఉండకపోతే నా ఉద్యోగం పోతుందని కూడా చెప్పాను. అతను కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత అట్టపెట్టె తెచ్చాడు. మామయ్యగారి బయానా నాకివ్వబోతే తీసుకోలేదు. అది ఆయనది, ఆయన చేతికే ఇవ్వమన్నాను. ధర నేనే అడిగాను, నోటితో, అందరూ వినేట్టు. బహుశా మామయ్యగారు చేసినంత బాగా చేసి ఉండను.

ఆ సాయంత్రం మామయ్యగారు వచ్చి, కాళ్లు కడుక్కుని, భోంచేసి పడుకున్నారు. నాతో ఒక్క మాట లేదు. మర్నాడూ లేదు. ఏదైనా చెప్పాలంటే పాపతో చెప్పేవారు. మీ అమ్మను మజ్జిగ పొయ్యమను. మీ అమ్మకు ఎవరో ఫోన్ చేస్తున్నారు. పాప ఆయన మీసం పట్టుకుని లాగేది. ఊళ్లో టీకొట్టు దగ్గర, కోడలు మామ చెయ్యి తీసేసిందట అని నవ్వుకుంటున్నారని మా ఆయన చెప్పారు. ఆయన గొంతులో నింద లేదు, కానీ నా పక్షాన ఉన్నట్టూ లేదు. ఒక మాట ఆయనతో అంటే పోయేది కదా అన్నారు. తప్పయిందని చెప్పమని అర్థం.

సోమవారం పాపను చంకన, సంచినీ లాప్‌టాప్‌నీ భుజాన వేసుకుని బస్సెక్కాను. పట్టీ జారలేదు. గుంటూరులో బస్సు మారేటప్పుడు ఎవరైనా లాక్కుపోతారేమోనని సంచిని ముందుకు తిప్పి హత్తుకుని కూర్చున్నాను, పాపకు కోపమొచ్చి ఒక్కటిచ్చింది. పాపను పిన్ని దగ్గర వదిలి పదింటికల్లా ఆఫీసులో ఉన్నాను. సారు ఆ ఐదంతస్తుల డ్రాయింగే తెరవమన్నారు. తెరుచుకుంది. ఆయన పక్క గదిలోకి వెళ్లి ఆ ఇంకో అమ్మాయికి ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్తుంటే వినపడింది. ఆ పూటంతా ఆ అమ్మాయి గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆలోచిస్తూనే పనిచేశాను.

మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం డాబా మీది గదిలో కూర్చుని ఒక నర్సింగ్ హోమ్ మెట్ల డ్రాయింగు గీస్తున్నాను. కరెంటు లేదు. బయట డాబా మీద విత్తనం కాయలు ఎండబోశారు. వాటిని తిరగేయడానికి మామయ్యగారు పైకొచ్చారు. పని అయ్యాక కిందికి వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడ్డారు. పాప కింద అత్తయ్య దగ్గరుంది. మధ్యలో మాట మోయడానికి ఎవరూ లేరు.

"నాకు చెప్తే నేనే మార్పించేవాణ్ణి కదమ్మాయ్."

నేను లేచి నిలబడ్డాను. "కొనేముందు మీరు నన్ను అడగాల్సింది మామయ్యా."

ఆయన తువాలుతో మెడ తుడుచుకున్నారు. పదిరోజులు యార్డులో తలెత్తుకోలేకపోయానన్నారు. కోప్పడుతూ అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నారు. అది నాకు బాగా తగిలింది. ఆయన నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. నా కాన్పప్పుడు ఆసుపత్రి వరండాలో రెండు రాత్రులు కూర్చున్న మనిషి. తప్పయింది మామయ్యా అన్న మాట గొంతు దాకా వచ్చింది. అంటే ఆయన సంతోషిస్తారు, ఇల్లంతా తేలికపడుతుంది. కానీ దానర్థం ఏమిటో నాకు తెలుసు. రేపు పాపను ఏ బడిలో వేయాలో, నేను ఉద్యోగం ఎన్నాళ్లు చేయాలో, అన్నీ నేను మంచినీళ్లకు వెళ్లొచ్చేలోపు తేలిపోతాయి. ఆయన బాధపడ్డారు, అందుకు నాకూ బాధే. నేను చేసినదానికి మాత్రం బాధ లేదు. ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపి చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని ఆ మాట చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

మంచినీళ్లు కావాలా అని అడిగాను. ఇవ్వమన్నారు. తాగి, చెంబు కింద పెట్టి, వంగి తెర వైపు చూశారు. ఏం గీస్తున్నావని అడిగారు. నర్సింగ్ హోమ్ మెట్లు, ముసలివాళ్లు కూడా ఎక్కేవని చెప్పాను. కళ్లు చికిలించి ఇంకా దగ్గరికి వంగారు.

"నిటారుగా ఉన్నాయే."

"లేవు మామయ్యా, సరిగానే ఉన్నాయి."

ఊఁ అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆయన అడుగుల చప్పుడు ఆగాక నేను ప్రతి మెట్టూ మళ్లీ కొలిచి చూశాను. నిటారుగా లేవు.